తిరిగొచ్చిన తండ్రి, మాయమైన తల్లి

సూపర్‌మాన్ రెండో సినిమాలో ఒక దృశ్యం ఉంది. మంచు ఎడారిలో తాను కట్టుకున్న స్ఫటికాల కోటకి అతను లోయిస్ లేన్‌ని తీసుకొస్తాడు. ఈమెతో మామూలు మనిషిలా బతకాలనుకుంటున్నానని, ఎప్పుడో పేలిపోయిన తన గ్రహం నుంచి మిగిలిన జ్ఞాపకబింబంతో చెబుతాడు. ఆ బింబం అతని తల్లి లారా. కొడుకు చెప్పింది వింటుంది. అలా అయితే శక్తులన్నీ వదులుకోవాలని, వదులుకున్నాక వెనక్కి రావడం కుదరదని చెబుతుంది. 1980లో థియేటర్లకొచ్చిన ప్రతిలో సంగతి ఇది. 2006లో డివిడిగా వచ్చిన ఇంకో ప్రతిలో కోట అదే, కొడుకు అతనే, కోరికా అదే. లోయిస్ అతని చొక్కా తొడుక్కుని ఓ పక్కన నిలబడి ఉంటుంది. జవాబు చెప్పేది మాత్రం తండ్రి జోర్-ఎల్. ఆయన చెప్పడు, మందలిస్తాడు. నీ సుఖం చూసుకుంటావా, లోకం సంగతేమిటని నిలదీస్తాడు. తల్లి అక్కడ లేదు.

ఈ రెండు ప్రతులకీ మధ్య ఇరవై ఆరేళ్లున్నాయి. తండ్రి ఆ కోటలోకి ఎలా తిరిగొచ్చాడన్న కథని సినిమా చరిత్రకారులు అభిమానుల విజయంగా రాస్తారు. స్టూడియో దాచేసిన సినిమాని ప్రేక్షకులు పట్టుబట్టి బయటికి తీయించారని. అది అబద్ధం కాదు. కానీ తల్లి ఎలా వెళ్లిపోయిందో ఆ విజయగాథలో ఓ వాక్యంలో తేల్చేస్తారు. నా చదువు సాహిత్యం. తాళపత్రాలు, పాఠాంతరాలు, ప్రక్షిప్తాలు, పరిష్కర్తలు అన్న మాటల మధ్య చాలా ఏళ్లు గడిపినదాన్ని. ఒక పుస్తకానికి రెండు పాఠాలుంటే ఏది అసలుదన్న ప్రశ్న కంటే, ఏది అసలుదని ఎవరు, ఎందుకు అంటున్నారన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. సూపర్‌మాన్ మీద ఈ పత్రికలో వ్యాసమేమిటని అడిగే మిత్రులకి నా జవాబు అదే.

ముందు జరిగినదేమిటో చూద్దాం. అలెగ్జాండర్ సాల్కిండ్, ఆయన కొడుకు ఇల్యా, పియర్ స్పెంగ్లర్ నిర్మాతలు. రిచర్డ్ డోనర్ దర్శకుడు. 1977లో ఇంగ్లండ్‌లో మొదలుపెట్టి రెండు భాగాలూ ఒకేసారి తీయడం మొదలుపెట్టారు. డబ్బు, గడువు, పెత్తనం అన్నిటి మీదా గొడవలే. రెండో భాగం చాలావరకు తీశాక దాన్ని పక్కన పెట్టి ముందు మొదటిది పూర్తి చేసి 1978 డిసెంబరులో విడుదల చేశారు. అది విపరీతంగా ఆడింది. అయినా 1979లో నిర్మాతలు డోనర్‌ని తప్పించి రిచర్డ్ లెస్టర్‌ని తెచ్చారు. లెస్టర్ పేరు దర్శకుడిగా వేయాలంటే తగినంత భాగం అతను తీసి ఉండాలి. అందుకని డోనర్ తీసిన దృశ్యాలు కొన్ని మళ్లీ తీశారు, కొన్ని మార్చి రాశారు. విలన్ వేషం వేసిన జీన్ హాక్‌మన్ మళ్లీ రానన్నాడు. కొన్ని చోట్ల అతని బదులు డూప్‌ని వాడారు.

మార్లన్ బ్రాండో సంగతి వేరు. జోర్-ఎల్‌గా అతని దృశ్యాలు రెండో భాగానికి కూడా ముందే తీసి పెట్టుకున్నారు. కానీ మొదటి సినిమాకే అతనికి భారీ పారితోషికం, పైగా వసూళ్లలో వాటా. ఆ వాటా మీద కోర్టు దాకా వెళ్లాడు. రెండో భాగంలో అతని ముఖం కనిపిస్తే మళ్లీ డబ్బు లెక్కలు. అందుకని ఆ దృశ్యాలన్నీ తీసేసి, మొదటి భాగంలో తల్లి వేషం వేసిన సుసానా యార్క్‌ని పిలిపించి, ఆ మాటల సారాన్ని ఆమె చేత చెప్పించారు.

ఇక్కడ కాస్త ఆగాలి. తల్లి ఈ కథలోకి రావాల్సిన అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు. తండ్రి ఖరీదైనవాడు కాబట్టి వచ్చింది. మన ఇళ్లలోనూ, ఆఫీసుల్లోనూ ఆడవాళ్లకి కుర్చీ దొరికిన సందర్భాలు తరచి చూస్తే ఇలాంటి లెక్కలు చాలానే బయటపడతాయి. కారణం ఏదైనా కానీ, ఫలితం మాత్రం విచిత్రంగా ఉంది. సూపర్‌మాన్ పురాణమంతా తండ్రీకొడుకుల పురాణం. తండ్రి జ్ఞానం కొడుకుకి, కొడుకు త్యాగం లోకానికి. అలాంటి కథలో కొడుకు తన ప్రేమ గురించి, తన శరీరం గురించి, తను వదులుకోబోయే దాని గురించి తల్లిని అడుగుతాడు. ఆమె చెబుతుంది. ఎవరూ ఉద్దేశించకుండానే ఆ కథకి తల్లివైపు పాఠం ఒకటి పుట్టింది.

సినిమా థియేటర్లలో బాగానే ఆడింది. అభిమానుల అన్వేషణ మొదలైంది మాత్రం టీవీ వల్ల. ఈ సినిమాల్ని టీవీకి అమ్మేటప్పుడు నిడివిని బట్టి డబ్బు వచ్చే ఏర్పాటు ఉండేది. అందుకని నిర్మాతలు గదుల్లో పడి ఉన్న తునకలన్నీ ఏరి అతికించారు. మొదటి భాగాన్ని అమెరికాలో ఏబీసీ ఛానల్ 1982లో రెండు రాత్రులు సాగదీసి చూపించింది. రెండో భాగం 1984లో అదనపు దృశ్యాలతో వచ్చింది. వేరే దేశాల టీవీల్లో ఇంకొన్ని కనిపించాయి. థియేటర్ ప్రతిలో ముగ్గురు దుండగులూ మంచు కోట లోతుల్లో పడి ఏమయ్యారో తెలియదు. టీవీ ప్రతిలో వాళ్లని పోలీసులు పట్టుకుపోవడం ఉంది. అంటే మన వీరుడు ఎవరినీ చంపలేదు. ఇంకో చోట కోటలో విందు కోసం కంటిచూపు వేడితో సూఫ్లే వండుతాడు. లోకాన్ని కాపాడేవాడు వంట చేస్తున్న దృశ్యాన్ని థియేటర్‌కి అనవసరమని తీసేశారు. నిమిషాల లెక్కన డబ్బొస్తుందంటే అదే పనికొచ్చింది.

ఆ ప్రసారాల్ని వాళ్లవాళ్ల ఊళ్లలో వీసీఆర్‌లో పట్టుకున్నవాళ్లు క్యాసెట్లు ఒకరికొకరు పోస్టులో పంపుకున్నారు. కంప్యూటర్లో కూర్చే సౌకర్యం వచ్చాక, 2000ల మధ్యలో, వాటన్నిటినీ కలిపి రీస్టోర్డ్ ఇంటర్నేషనల్ కట్ అన్న పేరుతో ఒక ప్రతి తయారు చేశారు. పని చిన్నది కాదు. యూరప్ టీవీ పద్ధతిలో సినిమా సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలకి బదులు ఇరవై ఐదు చొప్పున పరిగెత్తుతుంది. గొంతులు కాస్త సన్నబడతాయి, నిడివి తగ్గుతుంది. అమెరికా క్యాసెట్ తునకనీ యూరప్ తునకనీ పక్కపక్కన పెట్టాలంటే వేగం సరిచేయాలి, రంగు సరిచేయాలి, అతుకు దగ్గర సంగీతం తెగకుండా చూడాలి. దాన్ని అమ్మలేదు, పంచారు. అయినా వార్నర్ బ్రదర్స్ కోర్టుకెళతామని బెదిరించింది. ఆ తర్వాత కొద్ది కాలానికే అదే సంస్థ, అభిమానుల ఒత్తిడి తర్వాత, ఇంగ్లండ్ గోదాముల్లోని పెట్టెలు తెరిపించి మైఖేల్ థా చేత డోనర్ ప్రతిని కూర్పించి 2006 నవంబరులో అమ్మకానికి పెట్టింది. ఆ ఏడాదే కొత్త సూపర్‌మాన్ సినిమా కోసం బ్రాండో బొమ్మని వాడుకునే ఒప్పందం కుదరడంతో జోర్-ఎల్‌కి దారి తెరుచుకుంది.

తెలుగు సినిమా పేర్లలో ఎడిటింగ్‌ని కూర్పు అంటారు. నాకు ఆ మాటంటే ఇష్టం. కత్తిరింపు గుర్తుకు రాదు, బొంత కుట్టడం గుర్తొస్తుంది. ఎవరి పాత చీరో, ఎవరి లంగా ముక్కో, ఏ ముక్క ఎక్కడిదో కుట్టినామెకి తెలుసు. సూపర్‌మాన్ రెండో భాగం అలాంటి బొంతే. అందులో ఏ ముక్క డోనర్‌ది, ఏది లెస్టర్‌ది అని గుర్తుపట్టడానికి అభిమానులు వాడే గుర్తు ఏమిటో తెలుసా? లోయిస్‌గా నటించిన మార్గో కిడర్ ముఖం. 1977లో తీసిన దృశ్యాలకీ 1979లో తీసినవాటికీ మధ్య ఆమె చిక్కింది, జుట్టు మారింది, మేకప్ మారింది. రాతని బట్టి తాళపత్రం కాలం చెప్పినట్టు ఆమె బుగ్గల్ని బట్టి ఫలానా షాటు ఫలానా ఏడు అని చెబుతారు. మగవాళ్ల మధ్య జరిగిన తగాదాకి తేదీలు ఒక స్త్రీ శరీరం మీద మిగిలాయి. డోనర్‌ని తీసేయడం తప్పని కిడర్ బాహాటంగానే అంది. 1983లో వచ్చిన మూడో సినిమాలో లోయిస్ కొద్ది నిమిషాలకి మించి కనిపించదు. తన నోటి దురుసుకి అది శిక్ష అని ఆమె నమ్మింది. నిర్మాతలు కాదన్నారు.

మరి డోనర్ ప్రతిలో లోయిస్‌కి ఏమీ దక్కలేదా అంటే, దక్కింది. అది చెప్పకపోతే అన్యాయం. లెస్టర్ ప్రతిలో క్లార్కే సూపర్‌మాన్ అన్న అనుమానంతో ఆమె నయాగరా నీళ్లలో దూకుతుంది. అతను తెలివిగా తప్పించుకుంటాడు. తర్వాత హోటల్ గదిలో అతను కాలు తట్టుకుని పడి, చెయ్యి మంటలో పెట్టీ కాలకపోవడంతో రహస్యం బయటపడుతుంది. అంటే ఆమె కనిపెట్టలేదు, అతనే జారాడు. డోనర్ ప్రతిలో పేపర్లో పడ్డ అతని ఫొటో మీద కళ్లజోడూ టోపీ కోటూ గీసి చూసుకుంటుంది. వృత్తిరీత్యా విలేకరి కదా, సాక్ష్యం కావాలి. ఆఫీసు కిటికీలోంచి దూకుతుంది. అప్పుడూ తప్పించుకుంటే, తర్వాత తుపాకీ తీసి అతన్ని కాలుస్తుంది. అతను ఒప్పుకున్నాక తెలుస్తుంది, అందులో గుండు లేదు, ఉత్త మందే అని. ఓడిపోయింది అతను. ఈ దృశ్యాన్ని డోనర్ తీసే అవకాశమే రాలేదు. నటుల్ని ఎంచుకోవడానికి వేర్వేరు సందర్భాల్లో తీసిన పరీక్షల తునకలు రెండు కలిపి 2006లో కూర్చారు. ఒక షాటు నుంచి ఇంకో షాటుకి క్రిస్టఫర్ రీవ్ ఒళ్లూ జుట్టూ మారిపోతాయి. అయినా లోయిస్ తెలివి ఉన్న ఏకైక దృశ్యం కాబట్టి ఆ అతుకులు నాకు కళ్లకి అడ్డం రాలేదు.

అయితే తెలుసుకున్న తర్వాత ఏమవుతుందో చూడండి. లెస్టర్ ప్రతి చివర్లో ఆమె ఆఫీసులో అతనితో మాట్లాడుతుంది. అతని రహస్యం మోయడం, అందరితో అతన్ని పంచుకోవడం ఎంత కష్టమో కన్నీళ్లతో చెబుతుంది. కిడర్ ఈ సినిమాల్లో చేసిన నటనలో అంతకంటే మంచిది లేదు. అతను కళ్లజోడు తీసి ముద్దు పెడతాడు. ఆ ముద్దుతో ఆమెకి అంతా మరుపు. అనుమతి అడిగినట్టు ఎక్కడా లేదు. ఆమె బాధకి మందు ఆమె జ్ఞాపకం తీసేయడమే. డోనర్ ప్రతిలో ముద్దు లేదు. బదులుగా అతను భూమి చుట్టూ తిరిగి కాలాన్నే వెనక్కి తిప్పుతాడు. మొదటి సినిమాలో భూకంపంలో కారులో చనిపోయిన లోయిస్‌ని బతికించడానికి కూడా ఇదే చేశాడు. ఆ ముగింపు నిజానికి రెండో భాగం కోసం రాసుకున్నదే, మొదటి దానికి వాడేశారు. దాంతో రెండు సినిమాలూ వరసగా చూస్తే లోయిస్ ఒకసారి చచ్చి బతికి, ఇంకోసారి ప్రేమించి విడిపోయి, రెంటిలో ఏదీ తెలియకుండా టైపు కొట్టుకుంటూ ఉంటుంది.

కాబట్టి ఈ కథలో మొట్టమొదటి ఎడిటర్ డోనరూ కాదు, లెస్టరూ కాదు. సూపర్‌మానే. రీవైండ్ బొత్తాం అతని చేతిలో ఉంది. అతను తిరగకూర్చేది ఒక స్త్రీ జీవితాన్ని. ఏది ఉంచాలో ఏది తీసేయాలో అతనికి తెలుసు, ఆమె మంచి కోసమే చేస్తాడు. డోనర్ ప్రతిలో ఇంకో తమాషా ఉంది. శక్తులు పోయినప్పుడు రోడ్డు పక్క హోటల్లో ఒకడు అతన్ని చితక్కొడతాడు. కాలం వెనక్కి తిరిగిందంటే ఆ దెబ్బలు కూడా జరగనట్టే కదా. అయినా చివర్లో అతను ఆ హోటల్‌కి వెళ్లి ఆ మనిషికి బదులు తీర్చుకుని వస్తాడు. ఆ తర్కదోషాన్ని ఎత్తిచూపినవాళ్లు చాలామంది. నాకైతే అది దోషంలా కాదు, నిజం బయటపడినట్టుంది. మగవాడి పరాభవం కాలాన్ని దాటుకుని కూడా గుర్తుంటుంది. ఆడమనిషి ప్రేమే గుర్తుండదు. ఈ స్క్రిప్టుల మీద పేరున్న రచయితల్లో ఒక స్త్రీ, లెస్లీ న్యూమన్, కూడా ఉంది. అభిమానుల చర్చల్లో ఆమె పేరు డోనర్, లెస్టర్ పేర్లు వినిపించినట్టు వినిపించదు.

2006 తర్వాత అభిమానుల పని ఆగలేదు. రెండు ప్రతులూ టీవీ తునకలూ చేతిలో ఉన్నాయి. నయాగరా ఉంచి తుపాకీ ఉంచి, తండ్రిని ఉంచి ముద్దు ఉంచి, ఎవరికి తోచినట్టు వాళ్లు కలిపారు. చాలామంది చేసిన ప్రయత్నం ఒకటే: డోనర్ కల నిజంగా ఎలా ఉండేదో అక్కడికి చేరడం. ఆ పూనిక వెనక శ్రద్ధ ఉంది, ప్రేమ ఉంది. నేను దాన్ని చిన్నచూపు చూడను. కానీ పరిష్కరణ అన్న ప్రతిసారీ కర్త ఉద్దేశం అనే మాట తెచ్చి పెట్టినప్పుడు, కర్త అంటే తండ్రి అన్న అర్థమే నడుస్తుంది. డోనర్ తిరిగి రావాలి, జోర్-ఎల్ తిరిగి రావాలి. ఈ రెండు కోరికలూ ఒకే కోరిక. కోటలో కొడుక్కి శక్తులెలా తిరిగొచ్చాయో లెస్టర్ ప్రతి సరిగా చెప్పదు, ఆకుపచ్చ స్ఫటికం వెలుగుతుంది, అంతే. డోనర్ ప్రతిలో తండ్రి తన చివరి శక్తిని కొడుక్కి ధారపోసి మాయమవుతాడు. కథగా అది మెరుగు. ఒప్పుకుంటాను. అయితే ఆ మెరుగుకి తల్లి మూల్యం.

ఇక్కడ నాకు బెంగళూరు నాగరత్నమ్మ గుర్తుకు రావడం సహజమే. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని 1887లో పైడిపాటి వెంకటనరసు ప్రచురించాడు. కవయిత్రి తన నాయనమ్మనీ మేనత్తనీ తలుచుకుని తన వంశం చెప్పుకున్న పీఠిక అందులో లేదు. కొన్ని పద్యాలు లేవు. ఆ పుస్తకం మీద ప్రేమతో నాగరత్నమ్మ అసలు ప్రతి సంపాదించి, లేనివి చేర్చి 1910లో అచ్చు వేయించింది. మరుసటేడు ప్రభుత్వం అది అశ్లీలమని ప్రతుల్ని పట్టుకుని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో వావిళ్ల వారు మళ్లీ వేశారు. ఆ కథని స్త్రీవాద విమర్శ మనకి ఎన్నోసార్లు చెప్పింది కాబట్టి నేను వివరంగా చెప్పను. ఒక్క సంగతి మాత్రం. నాగరత్నమ్మ పండితులు తీసేసిన భాగాల్ని తెచ్చి పెట్టినప్పుడు పుస్తకంలోకి తిరిగొచ్చింది స్త్రీల వంశం. అదీ పరిష్కరణే, 2006లో జరిగిందీ పరిష్కరణే. మాట ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు.

ఉన్న సినిమాని విప్పి మళ్లీ కుట్టడం మగ అభిమానులు కనిపెట్టిన విద్య కూడా కాదు. సోవియట్ రష్యాలో ఎస్ఫిర్ షుబ్ 1927లో జార్ కాలపు వార్తాచిత్రాల్నీ జార్ ఇంట్లో తీసుకున్న సొంత రీళ్లనీ ఏరి, రోమనోవ్ వంశ పతనం మీద సినిమా కూర్చింది. రాజు తన ముచ్చట కోసం తీయించుకున్న బొమ్మలు అతనికే ఎదురు సాక్ష్యం చెప్పాయి. హాలీవుడ్ తొలి రోజుల్లో ఫిల్ము కత్తిరించి అతికించే పని కుట్టుపనిలాంటిదని ఆడపిల్లల చేతుల్లో పెట్టేవారు. అది సృజన అని, డబ్బున్న ఉద్యోగమని తేలాక మగవాళ్ల పని అయింది. 1975లో అమెరికాలో కాండీ ఫాంగ్ అనే అభిమాని స్టార్ ట్రెక్ షూటింగ్‌లో పారేసిన ఫిల్ము ముక్కల్ని స్లైడులుగా చేసి, పాటకి లయ కలుపుతూ అభిమానుల సభలో చూపించింది. అక్కడి నుంచి విడ్డింగ్ అనే విద్య మొదలైందని చెబుతారు. తర్వాతి తరం స్త్రీలు రెండు వీసీఆర్‌లు తెచ్చుకుని ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి షాటు షాటుగా ఎక్కించారు. ఆ యంత్రాలు రికార్డు నొక్కగానే మొదలవవు, టేపు కొంచెం వెనక్కి జరిగి అప్పుడు పట్టుకుంటుంది. ఆ జాప్యాన్ని స్టాప్‌వాచీతో కొలుచుకుని, పాటలో ఫలానా మాట దగ్గర ఫలానా చూపు పడాలంటే ఎక్కడ నొక్కాలో లెక్క రాసుకునేవాళ్లు. ఒకరింట్లో నలుగురు చేరి రాత్రంతా చేసిన పని నాలుగు నిమిషాలుండేది.

వాళ్లకి పూర్తి ప్రతి మీద మోజు లేదు. దర్శకుడి ఉద్దేశం వాళ్ల ప్రశ్నే కాదు. కథలో తమకేం కనిపించిందో, ఏ చూపు దగ్గర తమ మనసు ఆగిందో అది చూపించడమే వాళ్ల పని. అంటే వ్యాఖ్యానం.

సూపర్‌మాన్ మొదటి భాగం విడుదలైన రోజుల్లోనే, 1978-79లో, న్యూయార్క్‌లో డారా బర్న్‌బామ్ అనే వీడియో కళాకారిణి ఇంకో వీరగాథని విప్పింది. లిండా కార్టర్ నటించిన వండర్ ఉమన్ టీవీ సీరియల్. అందులో గుమాస్తా పిల్ల గిర్రున తిరుగుతుంది, పేలుడు వెలుగు, వీరనారి తయారు. బర్న్‌బామ్ ఆ తిరుగుడునీ పేలుడునీ మళ్లీ మళ్లీ అతికించింది. ఒకసారి చూస్తే మహిమ. పదిసార్లు చూస్తే ఉచ్చులో పడ్డ పిల్ల. ఆరు నిమిషాల లోపు ఉండే ఆ వీడియోలో విలన్‌తో పోరాటానికి పెద్ద చోటే లేదు. ఇంటింటికీ వీసీఆర్ రాని కాలం కాబట్టి టీవీ లోపల పనిచేసే పరిచయస్తుల ద్వారా ఆ బొమ్మలు సంపాదించింది. దాన్ని సోహోలో ఒక హెయిర్ సెలూన్ కిటికీలో, వీధిలోకి కనిపించేలా టీవీ పెట్టి చూపించింది. జుట్టు సరిచేయించుకుని కొత్తగా తయారవడానికి ఆడవాళ్లు లోపలికి వెళుతుంటే కిటికీలో ఒక స్త్రీ అదేపనిగా తయారవుతూ ఉంటుంది. 2025లో బర్న్‌బామ్ కన్నుమూసింది. వీరగాథా చిత్రాల తిరగకూర్పుల చరిత్ర రాసేవాళ్లు ఆమె దగ్గర మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

కానీ అలా మొదలుపెట్టరు. 2000-2001లో స్టార్ వార్స్ కొత్త భాగాన్ని కుదించి ఫాంటమ్ ఎడిట్ అన్న ప్రతి తిరిగినప్పుడు అది పేపర్లకెక్కింది. చేసినతను మైక్ నికల్స్ అనే ఎడిటర్ అని తర్వాత తెలిసింది. తిరగకూర్పుల చరిత్ర అక్కడే పుట్టిందన్నట్టు రాశారు. ఆడవాళ్ల విడ్‌లు అప్పటికే పాతికేళ్ల నుంచి ఉన్నాయి. కాపీరైటు భయంతో చాలామంది పేర్లు దాచుకున్నారు, సభల్లో తెలిసినవాళ్లకే చూపించుకున్నారు. ఫ్రాన్సెస్కా కోపా వంటి పరిశోధకులు పూనుకుని ఆ చరిత్రని రాశారు. అలాంటి అభిమానులు 2007లో ఏర్పాటు చేసుకున్న ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫర్మేటివ్ వర్క్స్, మరికొందరితో కలిసి వాదించినందువల్ల 2010లో అమెరికా కాపీరైటు కార్యాలయం వ్యాపారం కాని వీడియోల కోసం డివిడిల తాళం తీయడానికి మినహాయింపు ఇచ్చింది. కంప్యూటర్లో తునక తీసుకుని వ్యాఖ్యానం చేసే ప్రతి మగవాడికీ ఆ మినహాయింపు పనికొచ్చింది.

పనిముట్టు ఒకటే అయినా ఏ చేతిలో ఉందన్నది తేడా అని ఇప్పుడు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2018 జనవరిలో స్టార్ వార్స్ సినిమా ఒకదాన్ని స్త్రీలు లేకుండా చేశానని పేరు చెప్పనివాడొకడు నలభై ఆరు నిమిషాల ప్రతి వదిలాడు. అసలు సినిమా రెండున్నర గంటలు. ఆడవాళ్లు ఆజ్ఞలిచ్చే చోట్లూ గెలిచే చోట్లూ తీసేస్తే మిగిలింది అంత. మరుసటేడు అవెంజర్స్ ఎండ్‌గేమ్‌కీ అలాంటి ప్రతి ఒకటి వచ్చింది, కాప్టెన్ మార్వెల్‌ని తీసేసి. నవ్వి వదిలేశారు చాలామంది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ ప్రతిలో ఉన్న పద్ధతి కొత్తది కాదు. వెంకటనరసు చేసిందీ, ముద్దుతో సూపర్‌మాన్ చేసిందీ మర్యాదగా చేసిన రూపాలు.

నా ఎం.ఏ. క్లాసులో పాఠాంతరాల గురించి చెప్పేటప్పుడు సూపర్‌మాన్ రెండు ప్రతుల్లోని కోట దృశ్యాలూ చివరి దృశ్యాలూ పక్కపక్కన వేసి చూపిస్తాను. పోయినేడు ఒక అమ్మాయి మర్నాడు ఫోను పట్టుకొచ్చింది. లెస్టర్ ప్రతి చివర్లోంచి ముద్దు తీసేసింది. అంతకు మించి ఏమీ ముట్టుకోలేదు. లోయిస్ మాట్లాడుతుంది, కళ్లు తుడుచుకుంటుంది, ఆమెకి అంతా తెలుసు, అంతా గుర్తుంది. వెంటనే వచ్చే షాటులో అతను రోడ్డు పక్క హోటల్లో కూర్చుని, తనని కొట్టినవాడికి బదులు తీర్చుకోవడానికి చూస్తుంటాడు. క్లాసులో అందరూ రెండోసారి వేయమన్నారు. ఆ హోటల్ దృశ్యం కూడా తీసేస్తే లోయిస్ దగ్గరే ఆగుతుంది కదా అన్నారు కొందరు. వద్దు, అది అక్కడే ఉండాలి అంది ఆ అమ్మాయి.